దూరం నుండి చెప్పే ‘సబర్’ సరిపోదు: డయాలసిస్ రోగుల మనోవేదన, మన బాధ్యత

సమస్త ప్రశంసలూ అల్లాహ్‌కే చెందుతాయి. రోగాన్ని ఇచ్చేవాడూ ఆయనే, స్వస్థతను ప్రసాదించేవాడూ ఆయనే. గుండెలో దాచుకున్న దుఃఖం సైతం ఆయనకు తెలియకుండా ఉండదు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు అవతరించుగాక!



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ ఆరంభమైన నాటి నుండి మనం పదేపదే విన్న హితవు ఒకటే: ఇల్లు కదలకండి, నలుగురిలో కలవకండి. ఆ హితవును మనం పాటించాం. మస్జిదులలో సామూహిక నమాజులు నిలిచిపోయినప్పుడు బరువెక్కిన హృదయాలతో జుమాకు బదులు ఇళ్లలో జుహ్ర్ నమాజు చేసుకున్నాం. ఆ ఏటి రంజాన్‌లో తరావీహ్ కూడా ఇంటి నాలుగు గోడల మధ్యనే గడిచింది. అయితే ఇంటిలో ఉండిపోయే అవకాశం ఒక్క వారం కూడా దొరకని వర్గం ఒకటి మన మధ్యనే ఉంది. వీధులు నిర్మానుష్యమైన రోజులలోనూ వారు వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి పోక తప్పలేదు. పోకపోతే ప్రాణం నిలవదు. పోతే కరోనా సోకుతుందేమోనన్న భయం. వారే మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ ఆధారంగా జీవిస్తున్న మన సోదరులు, సోదరీమణులు.

ఈ రోజు మీ ముందు ఉంచదలచినది వారి మనోవేదనను గురించి, ఆ వేదన పట్ల మనపై ఉన్న బాధ్యతను గురించి.

వారి వారం ఎలా గడుస్తుంది?

అల్లాహ్ మనకు ప్రసాదించిన రెండు మూత్రపిండాలు మనం నిద్రిస్తున్నా, నమాజులో ఉన్నా, బేరసారాలలో మునిగి ఉన్నా రక్తాన్ని శుద్ధి చేస్తూనే ఉంటాయి. వారానికి 168 గంటలు వాటికి విశ్రాంతి లేదు. అవి పని మానివేసినప్పుడు ఆ పనిని యంత్రానికి అప్పగించవలసి వస్తుంది. యంత్రం సాధారణంగా విడతకు సుమారు 4 గంటల చొప్పున వారానికి 3 విడతలు రక్తాన్ని శుద్ధి చేస్తుంది. అంటే 168 గంటలు జరగవలసిన పని 12 గంటలలో ముగుస్తుంది. మన దేశంలో ఖర్చు భరించలేక, దూరం తాళలేక రెండు విడతలతోనే సరిపెట్టుకునే వారు ఎందరో ఉన్నారు. మనం ఏనాడైనా ఈ రెండు అవయవాల కొరకు ప్రత్యేకించి అల్లాహ్‌కు కృతజ్ఞత తెలుపుకున్నామా?

ఒక విడత తప్పితే ఏమవుతుంది? బయటకు పోవలసిన నీరు దేహంలోనే నిలిచి ఊపిరితిత్తులలోకి చేరుతుంది. పడుకుంటే ఊపిరాడదు. రక్తంలో పొటాషియం పెరిగి ఏ ముందస్తు హెచ్చరికా లేకుండా గుండె ఆగిపోవచ్చు. అందుచేత రోగి తాగే నీటికి కూడా కొలత ఉంటుంది. చాలామందికి వైద్యులు రోజుకు లీటరుకు అటూ ఇటూగా మాత్రమే అనుమతిస్తారు. చాయ్, చారు, మజ్జిగ అన్నీ ఆ లెక్కలోనివే. ఎండలలో మనం రోజా ఉండి మగ్రిబ్ అజాన్ కొరకు ఎదురుచూస్తాము. దాహం తీరుతుందన్న నిశ్చింత మనకు ఉంటుంది. ఆ రోగి దాహానికి ఇఫ్తార్ వేళ లేదు.

ఇటువంటి జీవితం మీదికి మహమ్మారి వచ్చి పడింది. డయాలసిస్ అత్యవసర సేవేనని ప్రభుత్వం చెప్పినప్పటికీ బస్సులు లేవు, ఆటోలు లేవు. పల్లె నుండి పట్టణానికి రావడానికి పోలీసుల అనుమతి కావాలి. కొన్ని చోట్ల పరీక్ష ఫలితం వచ్చే వరకు రోగిని లోనికి రానివ్వలేదు. తొలి లాక్‌డౌన్ కాలంలో మన దేశంలోని 19 పెద్ద ఆసుపత్రులలో వైద్యులు రెండున్నర వేల మందికి పైగా డయాలసిస్ రోగుల వివరాలు సేకరించారు. వారిలో నాలుగో వంతుకు మించిన వారు కనీసం ఒక్క విడతనైనా కోల్పోయారు. వంద మందికి పైగా ఆసుపత్రికి రావడమే మానివేశారు. వారు ఏమైనారో ఆలోచించండి. ఇక కరోనా సోకిన డయాలసిస్ రోగులలో మరణాలు సామాన్య ప్రజలలో కంటే ఎన్నో రెట్లు అధికంగా నమోదైనాయి. ఈ సంగతి రోగులకు తెలియనిది కాదు. వారు వార్తలు చూస్తూనే ఉన్నారు.

మనసులో ఏమి జరుగుతుంది?

డయాలసిస్ చేయించుకుంటున్న ఒక పెద్దమనిషితో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు, అన్నిటికంటే కష్టంగా అనిపించేదేమిటని అడిగాను. సూది నొప్పి అంటారనుకున్నాను. ఆయన అన్నారు: “మౌలానా, ఒకే షిఫ్టులో ఆరుగురం ఉండేవాళ్ళం. పక్క పడక ఖాళీగా కనిపిస్తే ఎందుకు రాలేదని అడగడానికి నోరు రాదు. నర్సమ్మ కూడా చెప్పదు. మరుసటి వారం ఆ పడక మీదికి కొత్త మనిషి వస్తాడు.”

సోదరులారా! నెలల తరబడి, వారానికి మూడు సార్లు, నాలుగేసి గంటలు పక్కపక్కన పడుకున్నవారు బంధువుల వంటివారు అవుతారు. మహమ్మారి కాలంలో అటువంటి బంధువులను ఒకరి వెంట ఒకరిని పోగొట్టుకుంటూ, జనాజాకు కూడా వెళ్లలేక, మళ్ళీ అదే హాలుకు పోయి అదే యంత్రం పక్కన పడుకోవలసిన మనిషి గుండె ఏ స్థితిలో ఉంటుంది?

దీనికి తోడు మరికొన్ని భారాలు ఉన్నాయి. సంపాదించే చేయి సాచవలసి వచ్చిందన్న సిగ్గు ఒకటి. తన కోసం భార్య నగలు పోయాయి, కొడుకు చదువు ఆగింది, తాను ఇంటికి భారమన్న ఆలోచన ఒకటి. ‘ఎప్పుడూ ఆసుపత్రికి తిరిగే మనిషి, ఇంటికి రోగం తెస్తాడు’ అని ఇరుగుపొరుగు తలుపు వేసుకోవడం మరొకటి. రోగి స్త్రీ అయితే ఆ భారం రెట్టింపు. భర్త రోగియైతే భార్య వెంట ఉంటుంది. భార్య రోగియైనప్పుడు ఆమెను పుట్టింటికి పంపివేసిన ఇళ్లు కూడా ఉన్నాయి. అల్లాహ్ మనలను క్షమించుగాక!

సాధారణ కాలంలోనే డయాలసిస్ రోగులలో సుమారు నలుగురిలో ఒకరు మానసిక కుంగుబాటుకు లోనవుతారని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. నిద్ర పట్టదు. ఆకలి ఉండదు. మనుమలను చూసినా ముఖం వికసించదు. ఎవరితోనూ మాట్లాడ బుద్ధి కాదు. నమాజులో నిలబడినా మనసు నిలవదు. ఇవన్నీ ఆ కుంగుబాటుకు గుర్తులు. అది ఒక వ్యాధి. దానికి వైద్యుడు ఉన్నాడు, చికిత్స ఉంది.

దుఃఖం ఈమాన్ బలహీనత కాదు

ఇటువంటి రోగి ఎదురైనప్పుడు మనం ఏమంటాం? ఉర్దూలోనైతే ‘సబర్ కరో భాయ్’ అంటాం. తెలుగులోనైతే ‘ఓర్చుకో అన్నా, అంతా అల్లాహ్ చూసుకుంటాడు’ అంటాం. ఆ మాటలలో అసత్యం లేదు. కాని ఆ మాట చెప్పి ఎటు పోతున్నాం? చాలాసార్లు అది రోగికి ఊరట కొరకు చెప్పిన మాటగా ఉండదు, మనం అక్కడి నుండి కదలడానికి వాడుకున్న మాటగా ఉంటుంది. కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, ‘ఈమాన్ గట్టిగా ఉంటే ఈ దిగులు ఎందుకు?’ అని కూడా అంటారు. రోగి అంతకు ముందు ఒక బాధతో ఉన్నాడు. ఇప్పుడు తన విశ్వాసమే లోపభూయిష్టమేమో అన్న రెండవ బాధ వచ్చి చేరింది.

దైవప్రవక్తల జీవితాలు మనకు ఏమి నేర్పుతున్నాయి? దివ్య ఖుర్ఆన్‌లోని యూసుఫ్ సూరాను చదవండి. కుమారుని ఎడబాటుతో యాఖూబ్ (అ) ఎంతగా దుఃఖించారంటే వారి కన్నులు తెల్లబడిపోయాయి. ఇలాగే దిగులుపడితే నశించిపోతారని కుమారులు మందలించారు. అప్పుడు ఆయన, తన వ్యథను అల్లాహ్ సన్నిధిలోనే మొరపెట్టుకుంటున్నానని బదులిచ్చారు. అంతటి దుఃఖంలో ఉండి కూడా దైవకారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కుమారులకు బోధించారు. గమనించండి! ఉత్తమమైన సహనాన్ని వహిస్తానని పలికిన ప్రవక్తా ఆయనే, చూపు పోయేంతగా విలపించిన తండ్రీ ఆయనే. సహనమూ కన్నీరూ ఒకే హృదయంలో ఉండగలవు.

అయ్యూబ్ (అ) సహనానికి మారుపేరు. ఆయన కూడా తనను బాధ చుట్టుముట్టిందని తన ప్రభువుతో మొరపెట్టుకున్నారు. ఆ మొరను అల్లాహ్ ఫిర్యాదుగా లెక్కించలేదు, ఆలకించి ఆయన కష్టాన్ని తొలగించాడు. ఆయనను సహనశీలునిగా ప్రశంసించాడు.

మన ప్రవక్త (స) తమ పసికుమారుడు ఇబ్రాహీమ్ అంతిమ ఘడియలలో ఉన్నప్పుడు కన్నీరు కార్చారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) ఆశ్చర్యపోగా, ఇది కారుణ్యమని సెలవిచ్చారు. కళ్లు చెమరుస్తాయని, హృదయం దుఃఖిస్తుందని, అయినా ప్రభువుకు ప్రీతికరమైనదే పలుకుతామని చెప్పారు. బుఖారీ గ్రంథంలో ఈ హదీసు ఉంది. అంతే కాదు, ఆయన తరచుగా చేసే దుఆలలో ‘హమ్మ్’ నుండి, ‘హజన్’ నుండి అల్లాహ్ శరణు కోరే దుఆ ఒకటి ఉంది. రాబోయేదాన్ని గురించిన ఆందోళన హమ్మ్ అని, జరిగిపోయినదాన్ని గురించిన దుఃఖం హజన్ అని ధర్మపండితులు వివరించారు. డయాలసిస్ రోగి మనసులో ఈ రెండూ ఉంటాయి. సర్వమానవులలో శ్రేష్ఠుడైన ప్రవక్తయే వాటి నుండి శరణు కోరినప్పుడు, అవి మనసుకు వచ్చిన మనిషిని అవమానించే హక్కు మనకు ఎక్కడిది?

చికిత్స చేయించుకోవచ్చునా అని పల్లెవాసులు అడిగినప్పుడు ప్రవక్త (స) చేయించుకోమని ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప ఔషధం లేని వ్యాధి లేదని తెలిపారు. దేహానికి ఒక నియమం, మనసుకు మరొక నియమం అని ఆయన విభజించలేదు. అందుచేత రోగి కుంగిపోయి ఉన్నట్లయితే డయాలసిస్ వైద్యునితోనే ఆ మాట చెప్పండి. అవసరమైతే మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అయితే మందుల దుకాణంలో సొంతంగా నిద్రమాత్రలు కొని ఇవ్వకండి. మూత్రపిండాలు పనిచేయని దేహంలో అనేక మందులు బయటకు పోక పేరుకుపోతాయి. మోతాదు తెలిసినది వైద్యునికే.

‘రోజాలు పోయాయి’ అన్న దిగులు

గడిచిన రంజాన్‌లోనూ, అంతకు ముందు రంజాన్‌లోనూ చాలామంది రోగులు నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: ‘మా రోజాలు పోయాయి, మా గతి ఏమిటి?’ కొందరు ఈ దిగులుతోనే వైద్యుడు వద్దన్నా రోజా పట్టారు. ఈ విషయంలో స్పష్టంగా ఉండండి.

బఖరా సూరాలో ఉపవాసాలను విధించిన సందర్భంలోనే అల్లాహ్ రోగికి సడలింపు ఇచ్చాడు. తాను మనకు సౌలభ్యాన్నే కోరుతున్నానని, కష్టాన్ని కోరడం లేదని కూడా అక్కడే తెలియజేశాడు. నయమయ్యే ఆశ ఉన్న రోగి తరువాత కజా చేసుకుంటాడు. వైద్యుల మాట ప్రకారం ఇక ఉపవాసం ఉండగల స్థితి తిరిగి రాదనిపించిన రోగి ఒక్కొక్క రోజాకు బదులు ఒక పేదవానికి భోజనం పెడతాడు. అదే ఫిద్యా. ఆ స్తోమత కూడా లేనివాడు అల్లాహ్‌ను క్షమాభిక్ష కోరుకుంటే చాలు. నమాజు విషయంలోనూ అంతే. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర) తమ అనారోగ్యం గురించి అడిగినప్పుడు నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని ప్రవక్త (స) బోధించారు. యంత్రానికి కట్టుబడి ఉన్న మనిషికి ఇంతకంటే ఊరట ఏమి కావాలి?

అబూ మూసా అష్అరీ (ర) ఉల్లేఖించిన ఒక హదీసు ప్రతి డయాలసిస్ రోగికీ తెలియాలి. దాసుడు రోగగ్రస్తుడైనప్పుడు, ఆరోగ్యంగా ఉన్న కాలంలో అతడు చేస్తూ వచ్చిన ఆచరణల పుణ్యం అతని ఖాతాలో వ్రాయబడుతూనే ఉంటుంది. ముప్పై సంవత్సరాలు ఫజ్ర్‌కు మొదటి పంక్తిలో నిలిచిన మనిషి ఇవాళ పడక మీద ఉన్నాడు. అతని స్థానం ఖాళీ అయిందని మనం అనుకుంటున్నాం. అల్లాహ్ వద్ద అది ఖాళీ కాలేదు.

రోగికి తెలియక ఫత్వాలు చెప్పేవారు అబూ దావూద్ గ్రంథంలోని ఒక సంఘటనను గుర్తుంచుకోవాలి. ఒక ప్రయాణంలో ఒక సహచరుని తలకు రాయి తగిలి గాయమైంది. ఆయనకు గుస్ల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగారు. నీరు ఉంది కనుక సడలింపు లేదని వారన్నారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. ఈ సంగతి విని ప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతనిని చంపారని, తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసిందని అన్నారు. ‘మందులు మానెయ్, జమ్ జమ్ ఒక్కటే తాగు’ అనేవారు, ‘రోజా ఉంటే రోగం అదే పోతుంది’ అనేవారు ఈ సంఘటనకు భయపడాలి.

ఆదరణతో పంపే పదార్థాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఖర్జూరం, అరటిపండు, కొబ్బరినీళ్లు, బత్తాయి రసం మనకు మేలైనవి. వీటిలో పొటాషియం అధికం కనుక డయాలసిస్ రోగికి ప్రమాదకరం కావచ్చు. ఇఫ్తార్‌కు ఖర్జూరం సున్నత్ అని రోగిని ఒత్తిడి చేయకండి. ఏది తినవచ్చునో అతనినే అడిగి తీసుకువెళ్లండి.

‘ఇక చాలు, నన్ను వదిలేయండి’

సోదరులారా! కొందరు రోగులు ఒక దశలో ‘ఇక డయాలసిస్‌కు రాను’ అంటారు. కరోనా మహమ్మారి కాలంలో ఆ మాట మరింతగా వినిపించింది. అప్పుడు మనం ఏమి చేయాలి?

ప్రాణం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. నిసా సూరాలో మిమ్మల్ని మీరు చంపుకోవద్దని నిషేధించిన వెంటనే, అల్లాహ్ తాను మీ పట్ల కరుణ గలవాడనని చెప్పాడు. నిషేధం వెనుక కారుణ్యం ఉందన్నమాట. ఆ మాటను రోగికి చెప్పేటప్పుడు మన స్వరంలోనూ ఆ కారుణ్యం వినిపించాలి. ‘హరామ్ మాటలు మాట్లాడకు’ అని కసురుకుంటే అతడు ఆ మాట మనకు చెప్పడం మానేస్తాడు, ఆలోచించడం మానడు. మౌనంగా ఆలోచించే రోగి ఎక్కువ ప్రమాదంలో ఉంటాడు.

అందుచేత ముందు వినండి. ‘ఏం భాయ్, ఏమి కష్టంగా ఉంది?’ అని అడిగి కూర్చోండి. చాలాసార్లు ఆ మాట వెనుక ఉన్నది చావు మీద కోరిక కాదు. ఆటో ఖర్చు లేదు, కొడుకు సెలవు పెట్టి రావలసి వస్తోంది, ఫిస్టులా చేయి వాచింది, రాత్రి నిద్ర లేదు. వీటిలో ఒక్కటి తీరినా మనిషి మళ్లీ యంత్రం దగ్గరకు వస్తాడు. బాధ భరించలేనివాడు చావును కోరవద్దని ప్రవక్త (స) వారించారు. తప్పదనుకుంటే, బ్రతుకు మేలైనంత కాలం బ్రతికించమని, మరణం మేలైనప్పుడు తీసుకుపొమ్మని అల్లాహ్‌ను వేడుకోమని నేర్పారు. నిర్ణయాన్ని తన చేతిలో నుండి తీసి అల్లాహ్ చేతిలో పెట్టే దుఆ అది. దానిని రోగి పక్కన కూర్చుని, అతనితో కలిసి చేయండి. అతనిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యునికి తెలియజేయండి.

దేహాల మధ్య దూరం, హృదయాల మధ్య దూరం కాదు

‘మహమ్మారి కాలంలో రోగి ఇంటికి ఎలా వెళ్లాలి?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అంటువ్యాధి ఉన్న ప్రదేశంలోకి వెళ్లవద్దని, అక్కడున్నవారు బయటకు రావద్దని ప్రవక్త (స) ఆదేశించారు. హిజ్రీ 18లో ఉమర్ (ర) సిరియా ప్రాంతంలో ప్లేగు ఉందని విని సర్గ్ వద్ద నుండి వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (ర) అడిగితే, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపునకే వెళ్తున్నామని బదులిచ్చారు. కనుక మాస్కు పెట్టుకోవడం, దూరం పాటించడం, జ్వరం ఉన్నప్పుడు రోగి ఇంటికి పోకుండా ఆగడం ధర్మసమ్మతమే. డయాలసిస్ రోగికి మన దగ్గు కూడా ప్రాణాంతకం కావచ్చు.

కాని ఆ దూరం పేరుతో మనం మాట కూడా మానివేశాం. ఇక్కడే లెక్క చెప్పవలసి ఉంది. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుని నిలదీసి, తాను రోగినై ఉంటే ఎందుకు పరామర్శించలేదని అడుగుతాడని ముస్లిం గ్రంథంలోని హదీసు తెలియజేస్తోంది. నీవు సర్వలోకాల ప్రభువువు కదా అని దాసుడు విస్తుపోతాడు. ఫలానా దాసుడు రోగిగా ఉన్నాడు, అతనిని పరామర్శించి ఉంటే నన్ను అక్కడ పొంది ఉండేవాడివి అని అల్లాహ్ అంటాడు. అల్లాహ్ సామీప్యం కొరకు మనం ఎక్కడెక్కడికో ప్రయాణిస్తాం. అది వీధి చివరి ఇంటిలో పడక పక్కన ఉంది.

ఇయాదత్ కేవలం మన మతస్థులకే పరిమితం కాదు. తమకు సేవ చేసే ఒక యూద బాలుడు జబ్బుపడినప్పుడు ప్రవక్త (స) స్వయంగా వెళ్లి అతని తల వద్ద కూర్చున్నారు. డయాలసిస్ హాలులో పడకలను మతాన్ని బట్టి వేయరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి ఇంటింటినీ కృంగదీస్తోంది. అక్కడి కొబ్బరితోట కూలీ బాధా, ఇక్కడి మన సోదరుని బాధా ఒకటే.

మనం చేయగల పనులు

ఇక ఆచరణకు వద్దాం. ఈ మస్జిదు నుండి బయటకు వెళ్లే ముందు సంకల్పించుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మన మొహల్లాలో డయాలసిస్ చేయించుకుంటున్నవారు ఎవరెవరో తెలుసుకోండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క సోదరుడు బాధ్యత వహించి వారానికి రెండు సార్లు ఫోను చేయాలి. ‘ఎలా ఉన్నావు’ అని అడిగి వదలకుండా, నిద్ర పట్టిందా, తిన్నావా, తరువాతి విడత ఎప్పుడు, ఎవరు తీసుకువెళ్తున్నారు అని అడగాలి. డయాలసిస్ అయిన రోజున మనిషి నీరసించి ఉంటాడు. మరునాడు మాట్లాడితే మేలు. స్త్రీ రోగులతో మన ఇళ్లలోని స్త్రీలు మాట్లాడాలి.

రెండవది, ప్రయాణం. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద డయాలసిస్ ఉచితంగా లభిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అయినా ఎందరో కాగితాలు సరిగా లేక ఆగిపోయారు. చదువుకున్న యువకులు వారికి దరఖాస్తులు వ్రాసిపెట్టండి. వాహనం ఉన్నవారు నెలకు ఒక విడతకు తీసుకువెళ్లే బాధ్యత తీసుకోండి. అర్హుడైన పేద రోగికి జకాత్ సొమ్మును నేరుగా అతని చేతికే ఇవ్వండి. ఖర్చును ఎంచుకునే గౌరవం అతనికి మిగులుతుంది.

మూడవది, టీకా. 2021 మార్చి 1 నుండి 45 ఏళ్లు దాటిన దీర్ఘరోగులకు కరోనా టీకాలు ఆరంభమైనప్పుడు ఆ జాబితాలో డయాలసిస్ రోగులు కూడా ఉన్నారు. అదే సంవత్సరం 18 సంవత్సరాలు నిండిన వారందరికీ టీకా అందుబాటులోకి వచ్చింది. రోగితో పాటు ఆ ఇంటివారందరూ, అతనిని చూడబోయే మనమూ వేయించుకోవాలి. పుకార్లను మస్జిదు గడప దాటి లోనికి రానివ్వకండి.

నాలుగవది, సేవ చేస్తున్నవారు. ప్రతి రోగి వెనుక ఒక భార్యో, తల్లో, కూతురో చాలాకాలంగా సరిగా నిద్రపోకుండా ఉన్నారు. ‘అతను ఎలా ఉన్నాడు’ అని అందరూ అడుగుతారు, ఆమె ఎలా ఉందని అడిగేవారు లేరు. వారానికి ఒక్క పూట వారి ఇంటికి వంట పంపండి. ఒక విడతకు ఆమె బదులు మీరు వెళ్లి బయట బెంచీ మీద కూర్చోండి.

ఐదవది, గౌరవం. రోగి వలన అయ్యే పని అతనికి ఇవ్వండి. లెక్కలు వ్రాయగలడు, పిల్లలకు ఖాయిదా చెప్పగలడు, ఫోనులో సలహా ఇవ్వగలడు. దుకాణంలో కూర్చోగలిగినవాడిని కూర్చోబెట్టండి. మనిషికి తాను ఇంకా అవసరమే అన్న భావన ఒక ఔషధం. అయితే ఫిస్టులా ఉన్న చేతితో బరువు ఎత్తించకండి.

రోగులైన సోదరులారా, సోదరీమణులారా!

ఈ మాటలు ఇంటిలో పడక మీద చదువుతున్నవారికి ఒక్క విన్నపం. మీ మనసులోని దిగులును దాచుకోకండి. దానిని అల్లాహ్‌తో చెప్పండి. యాఖూబ్ (అ), అయ్యూబ్ (అ) చెప్పుకున్నారు. మనిషితోనూ చెప్పండి, వైద్యునితోనూ చెప్పండి. ప్రవక్త (స) రోగిని పరామర్శించినప్పుడు భయపడవలసినది లేదని, దైవం తలిస్తే ఈ బాధ పాపాలను కడిగివేసే పరిశుద్ధి అవుతుందని ఊరడించేవారు. మీ రక్తం యంత్రంలో శుద్ధి అవుతున్న ఆ నాలుగు గంటలు అల్లాహ్ వద్ద వృథా పోవు. మీ పెదవులు కదలకపోయినా, జిక్ర్ చేసే ఓపిక లేకపోయినా, మీరు చేస్తూ వచ్చిన ఆచరణలు వ్రాయబడుతూనే ఉన్నాయి. తరువాతి విడతకు తప్పక వెళ్లండి. అది కూడా అమానత్‌ను కాపాడడమే, అది కూడా ఆరాధనే.

దుఆ చేద్దాం.

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. స్వస్థత లేని చోట ఓర్పును, ఓర్పుకు తోడుగా మనుషులను ప్రసాదించు. ఆందోళన నుండి, దుఃఖం నుండి, ఒంటరితనం నుండి వారిని కాపాడు. ఈ మహమ్మారిలో మరణించిన వారిని, జనాజాకు మనుషులు కూడా దొరకక సాగనంపబడిన వారిని నీ కారుణ్యంలో చేర్చుకో. వారి సేవలో అలసిన తల్లులకు, భార్యలకు, బిడ్డలకు, వైద్యులకు, నర్సులకు బలాన్ని ఇవ్వు. నీ రోగదాసుని పరామర్శించకుండా నీ ముందు నిలబడే దుస్థితి మాకు రానివ్వకు. ఆమీన్.